ముంగండ నవల, మెట్ట పాఠకుడు

మనిషికి నచ్చాల్సిన నవలలన్నీ పాతికేళ్లలోపే నచ్చేస్తాయనీ, ఆ తరవాత చదివేదంతా కాలక్షేపమేననీ మా మిత్రుల్లో ఒక వాదం ఉంది. చలం, బుచ్చిబాబు, కొడవటిగంటి అంటూ కుర్రతనంలోనే జాబితా రాసేసుకుంటారు. ఇక దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వరు. నా జాబితాలో నిన్నమొన్నటిదాకా పైనున్నది 'చివరకు మిగిలేది'. అరవై దాటాక ఒక మిత్రుడి బీరువాలో దొరికిన పుస్తకం దాన్ని ఒక మెట్టు కిందికి దించింది. అది మహీధర రామమోహనరావు రాసిన 'కొల్లాయిగట్టితేనేమి?'.

గాంధీ మీద బసవరాజు అప్పారావు రాసిన పాట నుంచి వచ్చిన పేరు అది. పేరు చూసి, ఇదేదో దేశభక్తి ప్రబోధం కాబోలని పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ. కథ మొదలూ అలాగే ఉంటుంది. సహాయ నిరాకరణ రోజులు. రామనాథం అనే బ్రాహ్మణ యువకుడు గాంధీ పిలుపు విని చదువు మానేస్తాడు. ఇక జెండాలూ ఉపన్యాసాలే అనుకుంటాం. మహీధర మాత్రం మనల్ని తీసుకెళ్లి కోనసీమలో, ముంగండ అగ్రహారంలో దింపుతాడు. అక్కడ స్వరాజ్యమంటే ఎవరింట్లో ఎవరు భోంచేశారు, ఎవర్ని పంక్తిలో కూర్చోబెట్టాలి, ఎవర్ని వెలివేయాలి అన్న గొడవ. దేశం మారడమంటే ముందు వంటింటి గడప దగ్గర పేచీ రావడమేనని ఇంత నిదానంగా చూపించిన నవల తెలుగులో నాకు ఇంకోటి కనపడలేదు.

జగన్నాథ పండితరాయల ఊరిగా పేరున్న ముంగండే మహీధరదీ. 1909లో పుట్టాడు కాబట్టి, ఆ రోజులు కుర్రవాడిగా కళ్లారా చూసినవే. తరవాత కమ్యూనిస్టు అయ్యాడు. అయినా ఆచారపరులైన పెద్దల్ని వెక్కిరించడు, వాళ్ల వాదం వాళ్ల నోటితోనే చెప్పనిస్తాడు. ఇరవై ఏళ్లప్పుడు చదివుంటే నేను రామనాథం వెనకాలే పరిగెత్తి, ఆ పెద్దలున్న పేజీలు గబగబా తిప్పేసేవాణ్ణి. ఇప్పుడు వాళ్ల దగ్గరే ఆగుతున్నాను. వాళ్లతో ఏకీభవించడం లేదు, కానీ వాళ్ల భయం తెలుస్తోంది. పాతికేళ్ల వాదానికి నా జవాబు ఇదే.

మా కోరుకొండ గోదావరి జిల్లాదే అయినా మెట్ట ఊరు. ఫాల్గుణంలో నరసింహస్వామి తీర్థానికి పెద్దవాళ్లిచ్చిన చిల్లరతో కొమ్మూరి డిటెక్టివ్ నవలలు కొనుక్కున్న తరం మాది. తరవాత వారపత్రికల సీరియళ్లు, అద్దె పుస్తకాల షాపులు. వాటినేమీ తక్కువ చేయను. చదివే అలవాటు పెట్టింది అవే. గోదావరి నవల అంటే మాత్రం కొబ్బరితోటలూ పడవలూ చూపించి సరిపెడితే నాలాంటి మెట్టవాడికి విసుగు. మహీధర కోనసీమలో అందం కంటే మనుషుల మధ్య తగవే ఎక్కువ. అందుకే అది నాకూ మా ఊరిలాగే అనిపించింది.

నిజానికి నవల ఈ నేలకి కొత్తేం కాదు. కందుకూరి 'రాజశేఖర చరిత్రము' 1878లో వచ్చింది. మూలం గోల్డ్‌స్మిత్ ఆంగ్ల నవలే అయినా, కథ మొదలయ్యేది ధవళేశ్వరంలో. తరవాత 'చింతామణి' పత్రిక నవలల పోటీలు పెడితే చిలకమర్తికి బహుమతులొచ్చాయి. ఇంత చరిత్ర ఉన్నచోట మహీధర పేరు చెబితే, ఏ పార్టీ ఆయన అని అడుగుతారు గానీ ఏ నవల అని అడిగేవాళ్లు తక్కువ. ఇది అన్యాయం. 'దేశంకోసం', 'జ్వాలాతోరణం', 'ఓనమాలు', 'రథచక్రాలు' కూడా ఆయనవే. నాకింకా వాటిలో రెండు మిగిలున్నాయి, తొందరపడి పూర్తి చేయదల్చుకోలేదు.

షాపులో అడిగితే ఈ పుస్తకం వెంటనే దొరుకుతుందని హామీ ఇవ్వలేను. మన ఊళ్లో ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. కాబట్టి మీ శాఖా గ్రంథాలయానికి వెళ్లి, మహీధర నవలలు తెప్పించమని కాగితం మీద రాసి ఇవ్వండి. అడిగేవాడుంటేనే వాళ్లూ తెప్పిస్తారు.