పైసలు పట్టాకా, పంటకా?

2018 మే 10న హుజూరాబాద్ గడ్డ మీద రైతుబంధు మొదలైంది. విత్తనం వేసే ముందు షావుకారి గడప తొక్కకుండా ఎకరాకు 4,000 రూపాయలు చేతికి రావడం చిన్న సంగతి కాదు. 2019లో అది 5,000 అయింది. 2025 జనవరిలో రైతుభరోసా పేరుతో 6,000 అయింది. పేరు మారింది, పైకం పెరిగింది. పట్టా ఉన్నోడికే పైసలన్న పద్ధతి మాత్రం మారలేదు.

రైతుబంధు లెక్కే చూడండి. 20 ఎకరాలు కౌలుకిచ్చి పట్నంలో ఉన్న ఆసామికి రెండు పంటలకు కలిపి 2 లక్షలు. ఆ భూమిని దున్నిన కౌలుదారుకు సున్నా. పైగా కౌలు కట్టాలి, మిత్తికి అప్పు తేవాలి. అప్పుల పాలై ప్రాణం తీసుకుంటే పట్టా లేదు కాబట్టి 5 లక్షల రైతుబీమా కూడా రాదు.

2011లో ఉమ్మడి రాష్ట్రంలోనే కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. స్వరాష్ట్రంలో దాన్ని అటకెక్కించారు. 2023 ఎన్నికల్లో కౌలు రైతుకూ ఎకరాకు ఏటా 15,000 ఇస్తామని కాంగ్రెస్ మాటిచ్చింది. 2025లో పట్టాదారుకు 12,000 దగ్గర ఆగింది.

ఉద్యోగ మిత్రులారా, మనలో ఎందరి ఊరి భూములు కౌలులో లేవు? ఎందరి ఖాతాల్లో ఈ పైసలు పడలేదు? సర్కారును అడిగే ముందు మనమూ జవాబు చెప్పుకోవాలి. గ్రామసభలో కౌలుదారుల పేర్లు రాయాలి, కార్డులివ్వాలి, పెట్టుబడి సాయం సాగు చేసేటోడికే చేరాలి. తెలంగాణ తెచ్చుకున్నది దున్నేవాడి కోసం కూడా!