హార్స్ పవర్ చూసి కంప్రెసర్ కొనకండి

మన సైబరాబాద్ ఐటీ జనంలో స్కేల్ మోడళ్ళకి రంగులేసేవాళ్ళు, రెసిన్‌తో బొమ్మలు పోసేవాళ్ళు బాగానే కనబడుతున్నారు. కంప్రెసర్ అనగానే అడిగేది ఒకటే, "ఎన్ని హెచ్‌పీ?" అని. నన్నడిగితే ఆ ప్రశ్నే తప్పు.

ఎయిర్‌బ్రష్‌కి 15 నుంచి 30 పీఎస్ఐ చాలు. కానీ ఒత్తిడి ఎగుడుదిగుడు లేకుండా రావాలి, అందుకే చిన్నదైనా ట్యాంకు ఉండాలి. మన వానాకాలం తేమకి గొట్టంలో నీళ్ళు చేరి రంగు మీద చిమ్ముతాయి కాబట్టి మాయిశ్చర్ ట్రాప్ తప్పనిసరి.

రెసిన్ కథ వేరు. బుడగలు కంటికి కనబడనంతగా కుదించుకుపోవాలంటే ప్రెషర్ పాట్‌లో 40 నుంచి 60 పీఎస్ఐ పెట్టి, గట్టిపడేదాకా ఉంచాలి. చిన్న ఎయిర్‌బ్రష్ కంప్రెసర్లు చాలావరకు 4 బార్, అంటే 58 పీఎస్ఐ దగ్గరే ఆగిపోతాయి. రెండు పనులూ ఉంటే 8 బార్, 24 లీటర్ల ట్యాంకున్న ఆయిల్‌ఫ్రీ రకం కొని, బ్రష్‌కి రెగ్యులేటర్‌తో తగ్గించుకోవడం నయం. రాణీగంజ్ వెళ్ళి, ఆన్ చేయించి, శబ్దం విని మరీ కొనండి. కొండాపూర్ అపార్ట్‌మెంట్లో రాత్రి పదకొండింటికి రంగులేసేవాడికి హెచ్‌పీ కన్నా డెసిబెల్సే ముఖ్యం.

అన్నట్టు, పాట్ ఖరీదు చూసి పాత ప్రెషర్ కుక్కర్‌కి వాల్వు బిగించే తెలివితేటలు మాత్రం వద్దు బాబూ! వంటింటి కుక్కర్ పనిచేసేది 15 పీఎస్ఐ దగ్గర. అందులో 40 ఎక్కిస్తే అది కుక్కర్ కాదు, బాంబు. పొదుపు ఇంకెక్కడైనా చేసుకోవచ్చు. ఏమంటారు?