ఎర్రలైటు వెలిగితే సౌండు బాగున్నట్టు కాదు

పార్టీ అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఫుడ్ ఎక్కణ్ణించి?", రెండోది "డీజే ఉందా?". మూడో ప్రశ్న, అంటే "ఆ సౌండు సంగతి ఎవరు చూస్తారు?" అనేది ఎవరూ అడగరు. అద్దెకి తెచ్చేవాడు తెస్తాడు, వైర్లు తగిలిస్తాడు, మనం వాల్యూమ్ పెంచుతాం. అంతేగా అనుకుంటాం. రెండేళ్ళ క్రితం దాకా నేనూ అలాగే అనుకున్నాను.

అప్పుడేమైందంటే, మా టీమ్‌లో ఒకబ్బాయి పుట్టినరోజు. హైదరాబాద్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పార్టీ. "నీ దగ్గర డీజే కంట్రోలర్ ఉందిగా, నువ్వే చూస్కో బాస్" అన్నారు. నేను వాయించేది ఇంట్లో కూర్చుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. అయినా చదివింది ఈసీఈ కదా, నాలుగు వైర్లు కలపడం బ్రహ్మవిద్యా ఏంటి అని ఒప్పేసుకున్నా. రెండు పెద్ద స్పీకర్లు, రెండు సబ్ వూఫర్లు అద్దెకి తెప్పించాం. తెచ్చినాయన దించి, ఎట్లా కలపాలో చెప్పబోతే "మేం చూస్కుంటాం అన్నా" అని పంపించేశాం. ఇంజనీర్లం మరి!

పాట మొదలు పెట్టకముందే "గుయ్‌య్‌య్" మని హమ్ మొదలైంది. అది వినపడకుండా ఉండాలని పాట వాల్యూమ్ పెంచాను. కాసేపటికి జనం "ఇంకా, ఇంకా" అన్నారు. ఇంకా పెంచాను. మిక్సర్ మీద ఎర్రలైట్లు వెలుగుతుంటే డిస్కో లైట్లలాగా భలే ఉన్నాయి అనుకున్నా. పదిన్నరకి ఒక స్పీకర్లో ట్వీటర్ కాలిపోయింది. నా చెవుల్లో కీచుమని మోత మూడు రోజులు ఉంది. సోమవారం కాల్‌లో మేనేజర్ అడిగింది వినపడక "యా, యా" అన్నాను. ఒక డెడ్‌లైన్‌కి ఒప్పుకున్నానని తర్వాత తెలిసింది.

మర్నాడు సామాను తీసుకెళ్ళడానికి వచ్చిన సౌండాయన కోప్పడలేదు. "తమ్మీ, ఎర్రలైటు వెలుగుతుందంటే మస్తు మోగుతుందని కాదు. సాలు, ఇగ నాతోని గాదు అంటున్నదని" అన్నాడు. నేనేదో సంజాయిషీ చెప్పబోతే తల తిప్పి, ఎడమ చెవి నా వైపు పెట్టాడు. "ఈ దిక్కు చెప్పు. ఇరవయ్యేండ్లు బరాత్‌ల ముందట నిలబడ్డ. కుడి చెవు పోయింది."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మూడు రోజుల మోతకే నేను భయపడిపోయాను. మన సరదా కోసం ఆయన ఒక చెవి పోగొట్టుకున్నాడు.

తర్వాత తీరిగ్గా కూర్చుని చదివితే తెలిసింది, నేను చేసిన తప్పులన్నీ ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో పరీక్ష రాసి మరిచిపోయినవే. సిగ్నల్ ఒక హద్దు దాటితే వేవ్ పైభాగం, కిందిభాగం కత్తిరించినట్టు చదునైపోతుంది. అదే క్లిప్పింగ్. దాన్నుంచి పుట్టే అదనపు హై ఫ్రీక్వెన్సీలన్నీ పాపం ట్వీటర్ మీద పడతాయి, అది వేడెక్కి కాలిపోతుంది. పైగా చెవికి కర్కశంగా ఉంటుంది. మనమేమో దాన్నే "పవర్‌ఫుల్ సౌండ్" అనుకుంటాం.

ఇంకో భ్రమ వాట్లు. 500 వాట్ల బదులు 1000 వాట్లు తెస్తే సౌండు రెట్టింపు అవుతుందనుకుంటాం. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. మన చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. దూరం సంగతి చూస్తే, ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. స్పీకర్‌కి ఒక మీటరు దూరంలో 106 ఉంటే ఎనిమిది మీటర్ల దగ్గర 88. అంటే వెనకవాళ్ళకి సరిపోయేలా పెడితే ముందున్నవాళ్ళ పని అయిపోయినట్టే. అందుకే రెండు పెద్ద స్పీకర్లతో ఒక వైపునుంచి బాదేకంటే, నాలుగు చిన్నవి డ్యాన్స్ చేసేచోటికి నాలుగు మూలలా, స్టాండ్ల మీద తలల కంటే కాస్త ఎత్తులో, లోపలికి తిప్పి పెట్టడం మేలు. డ్యాన్స్ చేసేవాళ్ళకి చాలినంత వస్తుంది, పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు అరవకుండా మాట్లాడుకోగలరు.

మొన్న శనివారం అదే టెర్రస్ మీద అదే అబ్బాయి ఎంగేజ్‌మెంట్ పార్టీ. ఈసారి మధ్యాహ్నమే వెళ్ళాను. ముందు కరెంటు. కంట్రోలర్, లాప్‌టాప్, స్పీకర్లు అన్నీ ఒకే 16 ఆంప్స్ పాయింట్ నుంచి తీసుకున్నాం, లైట్లూ ఫ్రిజ్జూ వేరే పాయింట్‌కి. పోయినసారి వచ్చిన హమ్ అంతా గ్రౌండ్ లూప్. లాప్‌టాప్ చార్జర్ పీకగానే హమ్ ఆగితే దొంగ దొరికినట్టే. కొంతమంది దీనికి విరుగుడని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి, ప్రాణం మీదకి వస్తుంది. మధ్యలో చిన్న ఐసొలేటర్ పెడితే చాలు. స్పీకర్ల దాకా పోయే పొడుగు వైర్లు బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్ఆర్ వాడాం. బ్లూటూత్ ఊసే ఎత్తలేదు, అది ఆలస్యంగా పలుకుతుంది, దాంతో బీటు కలపడం అయ్యే పని కాదు.

ఆన్ చేసేటప్పుడు స్పీకర్లు అన్నిటికన్నా చివర, ఆపేటప్పుడు అన్నిటికన్నా ముందు. లేకపోతే "ఢబ్" మంటాయి. గెయిన్ సంగతికొస్తే, ఏ ఛానల్లోనూ ఎర్రలైటు రాకుండా ముందు కంట్రోలర్‌ని సరిచేసి, ఆ తర్వాతే స్పీకర్ల వాల్యూమ్ పెంచాం. ఫోన్‌లో సౌండ్ మీటర్ పెట్టుకున్నా. అది పక్కా లెక్క చెప్పదు గానీ అంచనాకి పనికొస్తుంది. పాట సరిగ్గా వినపడితే 92, 93 దగ్గరే జనం ఎగురుతారని ఆ రోజు కళ్ళారా చూశాను. "ఇంకా, ఇంకా" అని ఒక్కడూ అరవలేదు.

అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే ఎన్ఐఓఎస్‌హెచ్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ రోజుకి ఎనిమిది గంటలు భరించొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగం అవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలే. పార్టీకొచ్చినవాళ్ళు ఎప్పుడో ఒకసారి వింటారు. రోజూ వినేవాడి సంగతేంటి?

చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. నివాస ప్రాంతాలకి పెట్టిన ప్రమాణం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారు కూడా. నిషేధం వచ్చిందని తిట్టుకునేవాళ్ళని చూశాను. నా అభిప్రాయం ఏంటంటే, మనం వాల్యూమ్ నాబ్‌ని మనుషుల్లాగా వాడి ఉంటే వ్యవహారం పోలీసుల దాకా వెళ్ళేదే కాదు. అలాగని చట్టం ఒక్కటే సరిపోదు. పది గంటలకి ఆపాలంటే తొమ్మిదిన్నరకి మొదలెట్టే మన అలవాటు మారాలి. మేం ఆరున్నరకి మొదలెట్టాం, పదికి ఐదు నిమిషాలుండగా ఆపేశాం. కొంపలేం మునగలేదు, కింది ఫ్లాట్ అంకుల్ కూడా వచ్చి ఐస్‌క్రీమ్ తిని వెళ్ళారు.

సామాను సర్దడానికి అదే సౌండాయన వచ్చాడు, వెంట పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు. నేను ఆయన ఎడమ వైపుకి వెళ్ళి, రెండు జతల ఇయర్ ప్లగ్స్ ఇచ్చాను. "నాకిప్పుడెందుకు తమ్మీ" అని నవ్వాడు. ఒక జత జేబులో వేసుకుని, రెండోది ఆ కుర్రాడి చేతిలో పెట్టాడు. "రేపు బరాత్ ఉన్నది. పెట్టుకోకపోతే జీతం కట్" అన్నాడు.

ఈసారి మీ పార్టీకి డీజే బుక్ చేసేటప్పుడు ఎన్ని వాట్లని అడగడంతో పాటు, ఆ పెట్టెల పక్కన నిలబడేవాడి చెవుల్లో ఏమన్నా ఉందా అని కూడా అడగండి. లేకపోతే ఒక జత కొనిపెట్టండి. మన ఒక్క వీకెండ్ కాఫీ ఖర్చు కాదు.