విజిల్ ఉంది, ‘కీ’ లేదు

క్రికెట్‌కి అంపైర్ దొరక్కపోతే మనకి పెద్ద ఇబ్బంది లేదు. బ్యాటింగ్ టీమ్‌లో ఇంకా వంతు రానివాడు ఒకడు వెళ్లి స్టంప్స్ దగ్గర నిలబడతాడు. తన టీమ్‌వాడిని ఎల్‌బీ ఇవ్వడని అందరికీ తెలుసు కాబట్టి గల్లీ క్రికెట్‌లో అసలు ఎల్‌బీయే ఉండదు. ఫుట్‌బాల్‌లో ఈ సర్దుబాటు కుదరదు. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది, అందరూ ఒకేసారి ఆడుతూనే ఉంటారు. వంతు కోసం ఖాళీగా కూర్చునేవాడు ఉండడు. రిఫరీ లేకపోతే మొదటి పది నిమిషాలు స్నేహంగానే గడుస్తాయి. పదకొండో నిమిషంలో ఒకడు కింద పడతాడు. అక్కడి నుంచి అది మ్యాచ్ కాదు, పంచాయతీ.

గుణదల కొండ చుట్టుపక్కల గ్రౌండ్లలో గానీ, ఈమధ్య బెజవాడలో వెలిసిన టర్ఫ్‌లలో గానీ ఆదివారం పొద్దున్నే రెండు టీములు పోగవడం పెద్ద కష్టం కాదు. బంతి ఎవరో ఒకరు తెస్తారు. రంగు టీషర్టులు ఎలాగో సర్దుకుంటారు. దొరకనిది ఒక్కటే: విజిల్ పట్టుకోవడానికి ఒప్పుకునే మనిషి. మిగతా ఇరవై రెండు మందీ ఆడుతుంటే తను మాత్రం బంతిని తాకకుండా గ్రౌండంతా పరిగెత్తి, చివర్లో కనీసం పదకొండు మందితో తిట్టించుకునే పని అది. అయినా కొందరు ఒప్పుకుంటారు. ఎందుకు?

ఉద్యోగాల పేజీలో ఈ ప్రశ్న ఏమిటి అనుకోకండి. ఇంటర్వ్యూలకు తిరుగుతున్న మీరే దీన్ని ఎక్కువగా ఆలోచించాలని నా అభిప్రాయం.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. డబ్బు కోసం అయితే కాదు. మన ఊళ్లలో జరిగే అమెచ్యూర్ మ్యాచ్‌కి రిఫరీకి ఇచ్చేది పెట్రోలుకీ టిఫిన్‌కీ సరిపోతే గొప్ప. ప్రపంచ స్థాయికి వెళ్లినవాళ్లలో కూడా చాలామందికి పక్కన మరో వృత్తి ఉండేది. 2010 ప్రపంచకప్ ఫైనల్‌కి రిఫరీగా ఉన్న హోవర్డ్ వెబ్ ఇంగ్లండ్‌లో పోలీసు. బ్యోర్న్ కైపర్స్ నెదర్లాండ్స్‌లో సూపర్‌మార్కెట్లు నడిపేవాడు. కాబట్టి దీన్ని ఉద్యోగంగా ఎవరైనా మీకు అమ్మజూపితే నమ్మకండి.

మరి పెత్తనం కోసమా? జేబులో రెండు కార్డులు, చేతిలో విజిల్ ఉంటే రాజ్యం మనదే అనిపించొచ్చు. ఆ మోజు ఎక్కువసేపు నిలవదు. రిఫరీ మొదటి తప్పు చేసిన నిమిషంలోనే ఆ రాజ్యం పోతుంది, పరుగు మాత్రం మిగులుతుంది. పెత్తనం ఇష్టమైనవాళ్లకి ఇంతకంటే తేలికైన పనులు చాలా ఉన్నాయి.

‘ఆడటం చేతకాక రిఫరీ అయ్యాడు’ అనే మాట కూడా గ్రౌండ్‌లో వినిపిస్తుంటుంది. దీనికి జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకి సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తుండే ఉంటారు. 1962 జకార్తా ఏషియాడ్‌లో భారత జట్టుకు స్వర్ణం తెచ్చిన కోచ్. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. కానీ అక్కడ మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. సాధారణంగా ఇక్కడితో కథ అయిపోతుంది, ‘ఒకప్పుడు ఒలింపిక్స్ దాకా వెళ్లాను’ అని చెప్పుకుంటూ బతికేస్తారు. హకీం అలా ఆగలేదు. వైమానిక దళంలో ఉద్యోగం చేశారు, కోచ్‌గా పనిచేశారు, ఫిఫా రిఫరీ అయ్యారు. 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో విజిల్ ఊదారు. 2017లో కేంద్ర ప్రభుత్వం ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చింది. ఆట ఆడే దారి మూసుకుపోయినా ఆటలోకి వెళ్లే దారి మూసుకుపోలేదని ఆయన జీవితం చెబుతుంది. రిఫరీ అయ్యేవాళ్ల మొదటి కారణం ఇదే. మోకాలు దెబ్బతిన్నవాడు, టీమ్‌లో చోటు దొరకనివాడు, వయసు దాటినవాడు, ఎవరైనా సరే, ఆటను వదిలి ఉండలేకపోతారు.

అయితే అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉందని నాకు అనిపిస్తుంది. అది మన కుర్రాళ్లకి, మన ఆడపిల్లలకి ప్రత్యేకంగా పనికొచ్చేది.

ఒక్కసారి వెనక్కి చూసుకోండి. పదో తరగతి తర్వాత ఎంపీసీ అని ఇంట్లో నిర్ణయించారు. ఏ కాలేజీ అన్నది ఫీజు నిర్ణయించింది. ఇంజినీరింగ్‌లో ఏ బ్రాంచి అన్నది ర్యాంకు నిర్ణయించింది. వెబ్ ఆప్షన్లు పెట్టింది మీరే అయినా సీటు కంప్యూటర్ ఇచ్చింది. ఇన్నేళ్లలో మీరు రాసిన పరీక్షల్లో ఎక్కువ భాగం నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తించేవి. పరీక్ష అయిన కొన్నాళ్లకి ‘కీ’ వస్తుంది. సరైన జవాబు ఎక్కడో ఒకచోట ముందే రాసి ఉందన్న నమ్మకంతోనే మనం పెరిగాం. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి బోలెడు ప్రశ్నలకు జవాబులు తెలుసు, కానీ సొంతంగా ఒక నిర్ణయం తీసుకుని దానికి బాధ్యత వహించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది మీ లోపం కాదు, మనం పెరిగిన తీరు అలాంటిది.

రిఫరీకి ‘కీ’ ఉండదు. ఫుట్‌బాల్‌కి పదిహేడు నియమాలున్నాయి. 1886లో ఏర్పడిన అంతర్జాతీయ బోర్డు వాటిని ఇప్పటికీ ఏటా సవరిస్తుంటుంది. పన్నెండో నియమం ఫౌల్స్ గురించి. ఒకడు ట్యాకిల్ చేసి ఇంకొకడిని పడేశాడు. అది అజాగ్రత్తా? అయితే ఫ్రీ కిక్ చాలు, కార్డు అక్కర్లేదు. ఎదుటివాడికి ప్రమాదమని తెలిసినా పట్టించుకోలేదా? పసుపు కార్డు. అవసరానికి మించిన బలంతో వచ్చి వాడి కాలు విరిగే పరిస్థితి తెచ్చాడా? ఎరుపు కార్డు. ఈ మూడింటి మధ్య గీత ఎక్కడుందో పుస్తకం చెబుతుంది, కానీ ఆ క్షణంలో కాలు గీతకు ఎటువైపు ఉందో చెప్పాల్సింది మీరే. సమయం ఒకటి రెండు సెకన్లు. పక్కవాడి పేపర్‌లోకి తొంగి చూసే వీల్లేదు.

అంతేకాదు, ఫౌల్ జరిగినా బంతి బాధిత జట్టు దగ్గరే ఉండి గోల్ వైపు వెళ్తుంటే విజిల్ ఊదకూడదు. కొన్ని సెకన్లు ఆగి చూడాలి. అడ్వాంటేజ్ కలిసి రాకపోతే వెనక్కి వచ్చి ఫ్రీ కిక్ ఇవ్వాలి. నియమం తెలిసినవాడు వెంటనే ఊదేస్తాడు, ఆట తెలిసినవాడు ఆగుతాడు. ఇచ్చిన నిర్ణయం తప్పని మీకే తోస్తే ఆట మళ్లీ మొదలయ్యేలోపే మార్చుకోవాలి. బంతి కదిలిందా, ఇక అది మీది. మిగిలిన మ్యాచ్ అంతా దాన్ని మోస్తూనే పరిగెత్తాలి, దాన్ని సరిచేయడానికి ఇంకో తప్పు చేయకూడదు.

టెక్నాలజీ గురించి రాసేవాడిని కాబట్టి ఒక మాట. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో ఆఫ్‌సైడ్ పట్టుకోవడానికి స్టేడియం పైకప్పు కింద పన్నెండు కెమెరాలు పెట్టారు. ఒక్కో ఆటగాడి శరీరంలో 29 బిందువుల్ని సెకనుకు 50 సార్లు కొలిచాయి. బంతిలోని సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. అంత చేసినా ‘ఇది అజాగ్రత్తా, మొండితనమా’ అన్న ప్రశ్న రిఫరీ దగ్గరే మిగిలింది. భుజం గీత దాటిందో లేదో మెషిన్ కొలుస్తుంది. ఎంత తప్పుకు ఎంత శిక్ష అన్నది మనిషి తూచాలి. ఏఐ వచ్చి కోడింగ్ ఉద్యోగాలు తీసేస్తుందని భయపడుతున్న మిత్రులు ఈ తేడాను కాస్త ఆలోచించండి. కొలిచే పనిలో దానితో పోటీ పడి గెలవలేం. తూచడం మాత్రం ఇంకా మన పనే, అది పుస్తకాలతో రాదు, తూచగా తూచగా వస్తుంది.

ఇంకో విషయం ఉంది. మీలో చాలామందికి ‘రిగ్రెట్’ మెయిల్ అనుభవమే. కొన్నిసార్లు అదీ రాదు. మూడు రౌండ్లు అయ్యాక ఫోన్ మూగబోతుంది. ఎవరు వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో తెలీదు. నిర్ణయం తీసుకున్న మనిషి మొహం మీకు ఎప్పటికీ కనబడదు. ఫుట్‌బాల్ గ్రౌండ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మీరు పెనాల్టీ ఇచ్చారు, దానివల్ల నష్టపోయినవాడు రెండడుగుల దూరంలో మీ కళ్లలోకి చూస్తూ నిలబడి ఉంటాడు. తప్పించుకునే తలుపు లేదు. ‘చేయి బంతి వైపు కదిలింది, నేను చూశాను’ అని ఒక్క ముక్క స్పష్టంగా చెప్పి పక్కకి జరగాలి. గొంతు పెంచకూడదు, సాగదీయకూడదు, క్షమాపణలతో నీళ్లు నమలకూడదు. ఎదుటివాడికి నచ్చని మాటను మర్యాదగా, సూటిగా, ముఖం మీదే చెప్పడం మనలో ఎంతమందికి వచ్చు? రేపు మీరే ఒక టీమ్‌కి లీడ్ అయితే ఎవరికో ‘కాదు’ అని చెప్పాల్సి వస్తుంది. అప్పుడు మెయిల్ వెనక దాక్కుంటారా, మనిషి ముందు నిలబడతారా అన్నది ఇలాంటి చోటే తేలుతుంది.

ఇంత చెప్పాను కదా అని దీన్ని రెజ్యూమెలో ‘లీడర్‌షిప్ స్కిల్స్’ కింద ఒక లైనుగా రాసుకోవడానికి చేయకండి. మన తరం చేసే ప్రతి పనికీ సర్టిఫికెట్ అడుగుతోంది. రక్తదానం చేసినా ఫొటో కావాలి. రిఫరీయింగ్ ఆ పద్ధతికి లొంగదు. మ్యాచ్ బాగా జరిగితే రిఫరీ ఎవరో కూడా ఎవరికీ గుర్తుండదు. బాగా చేశామన్న సంగతి చేసినవాళ్లకి మాత్రమే తెలిసే పనులు జీవితంలో ఒకటో రెండో ఉండాలి. ఇది అలాంటి పని.

తిట్లు తప్పవా అంటే, తప్పవు. ఇంగ్లండ్‌లో కింది స్థాయి మ్యాచ్‌ల రిఫరీల మీద దాడులు, దూషణలు పెరిగి 2023లో కొందరికి బాడీ కెమెరాలు తగిలించి చూశారు. మన దగ్గర ‘అమ్ముడుపోయాడ్రా’ అన్న కేక ప్రతి టోర్నమెంట్‌లోనూ వినిపించేదే. ఇక్కడ ఆడేవాళ్లకీ ఒక మాట. 2024 యూరో కప్‌లో రిఫరీతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలన్న పద్ధతి అమలు చేశారు. దానికి కెమెరాలు అక్కర్లేదు, ఖర్చు లేదు. వచ్చే ఆదివారం నుంచి మన గ్రౌండ్లలో పెట్టుకోవచ్చు. అలా చేస్తే ఇవాళ భయపడి వెనక్కి తగ్గుతున్న జూనియర్ రేపు విజిల్ పట్టుకుంటాడు. అమ్మాయిలూ వస్తారు. గోవాకి చెందిన ఉవేనా ఫెర్నాండెజ్ 2016లో జోర్డాన్‌లో జరిగిన అండర్-17 మహిళల ప్రపంచకప్‌లో అసిస్టెంట్ రిఫరీగా చేసింది. పురుషుల ప్రపంచకప్ మ్యాచ్‌కే 2022లో స్టెఫనీ ఫ్రాపార్ రిఫరీగా నిలబడింది. మన అమ్మాయిలకి కావలసింది ధైర్యం కాదు, అది వాళ్ల దగ్గర ఉంది. పక్కనున్నవాళ్లు కాస్త నోరు అదుపులో పెట్టుకుంటే చాలు.

ఆసక్తి ఉంటే మొదలుపెట్టడం తేలికే. నియమాల పుస్తకం అంతర్జాతీయ బోర్డు వెబ్‌సైట్‌లో ఉచితం, ఫోన్‌లో యాప్ కూడా ఉంది. తాజా సవరణలు చదవండి. ఉదాహరణకు 2025 జులై నుంచి గోల్‌కీపర్ బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్ల కంటే ఎక్కువ ఉంచుకుంటే ఎదుటి జట్టుకి కార్నర్ వస్తుంది. గ్రౌండ్‌లో సగం మందికి ఈ సంగతి తెలీదు. తర్వాత మీ కాలేజీ పీడీ గారిని కలిసి ఇంటర్-క్లాస్ మ్యాచ్‌లకి లైన్స్‌మన్‌గా జెండా పట్టుకుంటానని అడగండి. ఆయన కాదనరు, మనిషి దొరికాడని సంతోషిస్తారు. ఇంకా ముందుకు వెళ్లాలనుకుంటే జిల్లా, రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘాల ద్వారా రిఫరీ పరీక్షలు రాయొచ్చు. ఒళ్లు కూడా సిద్ధం చేసుకోవాలి. ఫిఫా స్థాయి పరీక్షలో 40 మీటర్లు ఆరుసార్లు స్ప్రింట్ చేసి, ఆ తర్వాత 75 మీటర్ల పరుగు, 25 మీటర్ల నడక చొప్పున నలభైసార్లు తిరగాలి. మీకు ఇప్పుడే అంత అక్కర్లేదు గానీ, రోజంతా కుర్చీలో కూర్చుని అప్లికేషన్లు పెడుతున్న ఒంటికి ఆ దిశలో నాలుగడుగులు వేసినా మంచిదే.

ఆఫర్ లెటర్ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. అది వచ్చేదాకా మీ గురించి ఎవరెవరో నిర్ణయాలు తీసుకుంటూనే ఉంటారు. వారానికి ఒక్క తొంభై నిమిషాలు మీరు తీసుకోండి. ఆదివారం పొద్దున ఎక్కడో రెండు టీములు షూ లేసులు కట్టుకుని, ‘రిఫరీ ఎవర్రా?’ అని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ ఉంటాయి. విజిల్ ఖరీదు పెద్దగా ఉండదు.