పైరుకు పోసే టానిక్కుకు జవాబుదారీ ఎవరు?

వాన ముఖం చాటేసిన ప్రతి ఏడూ మందుల అంగళ్లలో ఒక వ్యాపారం మాత్రం జోరందుకుంటుంది. వేరుశనగ ఊడలు దిగే వేళ నేల గట్టిపడితే ఒక సీసా, చీనీ పిందె రాలితే ఒక సీసా, దానిమ్మ పూత నిలవకపోతే మరో సీసా. మనం వాటిని టానిక్ అంటాం, బయో మందు అంటాం, పూత మందు అంటాం. ప్రభుత్వ కాగితాల్లో వాటి పేరు బయోస్టిమ్యులెంట్లు. సముద్రపు నాచు రసం, హ్యూమిక్ ఆమ్లం, అమైనో ఆమ్లాలు, విటమిన్లు, ఆకుల్లోంచి నీరు ఆవిరి కాకుండా ఆపుతామనే ద్రావణాలు, అన్నీ ఈ కోవలోకే వస్తాయి. మనుషులకు అమ్మే పౌష్టిక పొడులు, బలం మాత్రలు ఎలాంటివో పైరుకు ఇవి అలాంటివి.

ఈ పోలికలో ఒక పాఠం ఉంది. అమెరికాలో 1994లో చేసిన చట్టం ప్రకారం మనుషులు మింగే పౌష్టిక మాత్రలు పనిచేస్తాయని అమ్మకానికి ముందే ప్రభుత్వానికి రుజువు చేయనక్కర్లేదు. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో నిబంధనలు తెచ్చి, అలాంటి డబ్బా మీద ఇది మందుగా వాడటానికి కాదని రాయాలంది. కానీ డబ్బా మీది చిన్న అక్షరాల కంటే అమ్మేవాడి నోటి మాటకే బలమెక్కువ. జబ్బు మందుకూ బలం మందుకూ మధ్య ఉండే ఆ సందులోనే వ్యాపారం పెరుగుతుంది. పొలంలోనూ జరిగింది అదే. ఎరువుకు ఒక ఉత్తర్వు ఉంది, పురుగుమందుకు ఒక చట్టం ఉంది. రెంటికీ మధ్యనున్న సందులో ఏళ్ల తరబడి వేల రకాల సీసాలు అమ్ముడయ్యాయి.

ఆ సందును మూయడానికి కేంద్రం 2021 ఫిబ్రవరి 23న 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించింది. బయోస్టిమ్యులెంట్లను అందులో చేర్చి ఆరో షెడ్యూలు పెట్టింది. సీసాలో ఏముందో చెప్పాలి, అది మనిషికీ చేపకూ తేనెటీగకూ వానపాముకూ హాని చేయదని పరీక్షలు చూపాలి, పైరు మీద పనిచేస్తుందని క్షేత్ర ప్రయోగాలతో రుజువు చేయాలి. పురుగుమందు అవశేషం 0.01 పీపీఎం దాటకూడదు. ఈ చివరి నిబంధన మనకు ముఖ్యం. జీవ ఉత్పత్తి పేరుతో రసాయన పురుగుమందు కలిపి అమ్మితే రైతుకు తెలిసే దారి లేదు. పైరు ఒక్కసారిగా కళకళలాడితే మందు మహిమ అనుకుంటాడు. ఆ కాయలు కొనుగోలుదారు పరీక్షలో తప్పితే నష్టం మాత్రం రైతుదే.

ఉత్తర్వు మంచిదే. అమలు మాత్రం నత్తనడక నడిచింది. అప్పటికే మార్కెట్లో ఉన్న సరుకుకు తాత్కాలిక ధ్రువపత్రాలు ఇచ్చారు. వాటి గడువు పొడిగిస్తూ పోయారు. చివరికి 2025 జూన్ 16తో అది ముగిసింది. ఆ జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ స్వయంగా చెప్పిన లెక్క వినండి. ఒకప్పుడు దాదాపు 30 వేల ఉత్పత్తులు అదుపు లేకుండా అమ్ముడయ్యేవి. గత నాలుగేళ్లలోనూ దాదాపు 8 వేలు చలామణిలో ఉన్నాయి. కట్టడి చేశాక 650కి తగ్గాయి.

ఈ లెక్క విని సంతోషించాలా, బాధపడాలా? పరీక్షకు నిలిచినవి 650 అయితే మిగిలిన వేలాది సీసాలకు ఇన్నాళ్లూ డబ్బు కట్టింది ఎవరు? పట్టాభూమి తనఖా పెట్టిన రైతు కట్టాడు. కౌలు చెల్లించి, బోరుబావికి అప్పు తెచ్చిన కౌలురైతు కట్టాడు. జాబితాలోంచి ఒక పేరు తీసేస్తే కంపెనీకి పోయేది ఒక పేరే. ఇంకో పేరుతో, ఇంకో రంగు సీసాతో తిరిగి రావడానికి దానికి ఎంతో కాలం పట్టదు. రైతు పోగొట్టుకున్న పంటకాలం మాత్రం తిరిగి రాదు.

చట్టం ఢిల్లీ నుంచి బయల్దేరి మన ఊరి అంగడి బల్ల దగ్గర ఎందుకు ఆగిపోతోందో ఆలోచించాలి. ఆ బల్ల వెనక కూర్చున్న వ్యక్తే మనకు డాక్టరు. చీనీ ఆకు తుంచుకొని వెళ్తే జబ్బు చెప్పేది ఆయనే. మందు ఇచ్చేదీ ఆయనే. పంట వచ్చాక కట్టమని అప్పు రాసుకునేదీ ఆయనే. ఈ మూడు పనులూ ఒకే చేతిలో ఉన్నప్పుడు రైతు ఈ సీసా వద్దని ఎలా అనగలడు? అప్పు ఖాతాలో పేరున్నవాడికి బిల్లు అడిగే ధైర్యం ఎక్కడిది? చిన్న దుకాణదారునిదే తప్పంతా అని మేము అనడం లేదు. ఆయన మెడ మీద పై డీలరు, ఆ పైన కంపెనీ టార్గెట్లు ఉన్నాయి. కానీ ఆ బరువంతా చివరికి దిగేది మడిలోనే.

ఇక ఎరువుల కొరత ఉన్న రోజుల్లో సంగతి చెప్పనక్కర్లేదు. 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. ఆ బస్తా కావాలంటే దానితో పాటు ఒక సీసా కూడా తీసుకోవాలని అంటగట్టడం రైతులందరికీ అనుభవమే. అలా అంటగట్టొద్దని 2025 జులైలో కేంద్రం ముఖ్యమంత్రులందరికీ లేఖ రాసింది. సబ్సిడీ ఎరువును ఎరగా చూపి అమ్మే సరుకు ఏ గుణం మీద అమ్ముడవుతోందో వేరే చెప్పాలా?

ఈ ఉత్పత్తులన్నీ మోసమేనని మేము అనం. నాచు రసం, హ్యూమిక్ ఆమ్లం వంటివి కొన్ని నేలల్లో, కొన్ని పైర్లకు ఉపయోగపడతాయి. యూరప్ దేశాలు కూడా 2019లో వీటికి చట్టం చేసి 2022 జులై నుంచి అమలు చేస్తున్నాయి. మా ప్రశ్న వేరు. సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఎర్రనేలలో, 30 రోజులు చుక్క పడని బెట్టలో, ఈ సీసా ఎకరాకు ఎంత దిగుబడి పెంచుతుంది? నీటి వసతి ఉన్న చోట చేసిన ప్రయోగం మన మెట్ట వేరుశనగకు జవాబు చెప్పదు. ప్రయోగశాల పరీక్ష సీసాలో ఏముందో చెబుతుంది. అది మన పొలంలో ఏం చేస్తుందో చెప్పాల్సింది కదిరి, రేకులకుంట పరిశోధనా స్థానాలు.

ఆ జవాబు వచ్చేలోగా తెలిసిన దారిని వదులుకోవద్దు. వేరుశనగ పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని విశ్వవిద్యాలయం ఎప్పటినుంచో చెబుతోంది. కాయ ఊరడానికి కావలసిన కాల్షియం, గంధకం అందులో ఉన్నాయి. జింకు లోపం ఉంటే జింకు సల్ఫేటు ఉంది. లోపం ఏమిటో తేల్చడానికి మట్టి పరీక్ష ఉంది. వీటికి ప్రకటనలు లేవు, కమీషన్లు లేవు. అందుకే వీటి గురించి అంగట్లో ఎవరూ చెప్పరు.

రైతులు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చట్టంలోని నిర్వచనం ప్రకారం బయోస్టిమ్యులెంట్ పురుగుమందు కాదు. పురుగు చస్తుందని, దానిమ్మకు మచ్చ తెగులు పోతుందని చెప్పి ఎవరైనా దీన్ని అమ్మితే అక్కడే నిలదీయండి. బిల్లు తీసుకోండి. బ్యాచ్ నంబరు కనిపించేలా సీసాకు ఫోటో తీసి ఉంచండి. అనుమానం వస్తే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి. నష్టపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. సరుకుకు కట్టిన సొమ్ము 5 లక్షల రూపాయలలోపు ఉంటే రుసుము లేదు. 2012లో జాతీయ విత్తన సంస్థ మీద ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లో సుప్రీంకోర్టు రైతు కూడా వినియోగదారుడేనని తీర్పు చెప్పింది. కొన్న విత్తనమంతా చల్లేసిన రైతును నమూనా ఏదని అడగడం న్యాయం కాదని కూడా అంది. విత్తనానికి వచ్చిన ఆ న్యాయం సీసాకు కూడా వర్తించాలి.

రాష్ట్ర ప్రభుత్వాన్ని మేము కోరేది ఇది. అనుమతి ఉన్న ఉత్పత్తుల జాబితాను, ఏ పైరుకు ఏ మోతాదులో అనుమతి ఉందో సహా, తెలుగులో ప్రతి రైతు సేవా కేంద్రంలో, ప్రతి మందుల అంగడి గోడ మీద అంటించాలి. సీసా మీది వివరాలు కంటికి కనిపించే తెలుగు అక్షరాల్లో ఉండాలి. ఖరీఫ్ మొదలు కాకముందే నమూనాలు తీసి ఫలితాలు బయటపెట్టాలి. పంట చేతికొచ్చాక వచ్చే నివేదిక శవపరీక్షతో సమానం. ఎరువుతో పాటు సీసా అంటగట్టిన చోట లైసెన్సు రద్దు చేయాలి. నిత్యావసర వస్తువుల చట్టం కింద ఏడేళ్ల దాకా శిక్ష వేసే వీలుంది. ఆ శిక్ష చిల్లర దుకాణం దగ్గర ఆగకుండా తయారీదారు దాకా పోవాలి. నాసిరకమని తేలిన ఉత్పత్తిని కొన్న ప్రతి రైతుకూ కంపెనీ చేత డబ్బు తిరిగి ఇప్పించాలి. సొంత పొలం కోసం జీవామృతం, కషాయాలు చేసుకునే రైతును మాత్రం ఈ నిబంధనల పేరుతో వేధించకూడదు.

అన్నింటికన్నా ముందు, బ్యాంకులు కౌలురైతుతో సహా ప్రతి రైతుకూ సకాలంలో పంట రుణం ఇవ్వాలి. అప్పు అంగడిలో ఉన్నంత కాలం మందు ఎంపిక కూడా అంగడి చేతిలోనే ఉంటుంది. చేతిలో నగదు ఉన్న రైతే బిల్లు అడగగలడు, సీసా వెనక్కి తోసి వద్దని చెప్పగలడు. ఈ నెల గ్రామ కమిటీలు ప్రతి ఊళ్లో సమావేశమై, ఏ అంగట్లో ఏ సరుకు అంటగడుతున్నారో రాసి జిల్లా కమిటీకి పంపాలని కోరుతున్నాం. ఆ కాగితాలతోనే కలెక్టరు కార్యాలయానికి పోదాం.