చిత్రకళకును చూచివ్రాత కావలెను

తైలవర్ణ చిత్రలేఖనము నేర్వగోరిన చిలకలూరిపేట పిల్లవానికి పెద్దలు తరచుగా చెప్పు మాట యొకటి కలదు: ఒకరి బొమ్మ చూచి వేయకుము, నీకు తోచినదే వేయుము. సదుద్దేశముతో చెప్పినదే యైనను, ఈ హితవు వాని చేతిని ఏండ్ల తరబడి పసిచేతిగనే నిలుపుచున్నదని నా నిశ్చితాభిప్రాయము. ఓనమాలు దిద్దనివానిని కావ్యము వ్రాయుమనువారు లేరు గదా!

అకాడమీ సంప్రదాయమున చిత్రింపబడిన పురుషదేహ మొకదానిని ఎదుట నిలుపుకొని ప్రతి వేయువాడు ముందుగా గుండు కట్టిన దారమును వ్రేలాడదీసి చూచును. మనిషి బరువంతయు ఒక కాలిపై మోపి నిలిచినపుడు కంఠకూపము ఆ కాలి చీలమండకు నిట్టనిలువుగా నుండుననియు, ఆ వైపు కటి పైకెగసి భుజము క్రిందికి వాలుననియు వానికి అప్పుడు బోధపడును. ఎన్ని ఉపన్యాసములు విన్నను ఇది కంటికి పట్టునది కాదు. పిదప కపిలవర్ణ మొక్కదానితోనే వెలుగునీడలు దిద్ది, అటుపై రంగులకు పోవలెను. టర్పెంటైనుతో పలుచన చేసిన పూత అడుగున, అవిసెనూనె హెచ్చుగా గల పూత పైన ఉండవలెను. ఏలనన, నూనె నీటివలె ఆవిరియై ఆరునది కాదు, గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడునది. అడుగుపూత మెల్లగా ఆరుచుండగా పైపూత ముందే బిగిసినచో బొమ్మ బీటలు వారును. నీడలో దోచు ప్రతిఫలిత కాంతిని క్రొత్తవాడు మితిమీరి తెలుపు చేయును. మూలచిత్రము ప్రక్కనే యున్నందున ఆ దోషము వెంటనే పట్టుబడును.

షార్ల్ బార్గ్, జెరోమ్‌లు కూర్చిన చిత్రలేఖన ఫలకములను వాన్ గో అంతటివాడు శ్రద్ధగా ప్రతి వేసెను. అతని చిత్రములను చూచి బార్గ్‌వని ఎవ్వరైనను భ్రమపడుదురా? అంత దూరము పోనేల, మన దామెర్ల రామారావు గలడు. రాజమహేంద్రవరపు కళాశాలాధ్యక్షుడు కూల్‌డ్రే దొర ప్రోత్సాహమున 1916లో బొంబాయి జె.జె. కళాశాలకేగి, పాశ్చాత్య పద్ధతిని దేహచిత్రణము కూలంకషముగా అభ్యసించి, తిరిగివచ్చి చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో మశూచికమునకు లోనై ఇరువదెనిమిదేండ్లు నిండకమునుపే అస్తమించెను. ఆయన ‘పుష్పాలంకరణ’లోని స్త్రీలు తెలుగు స్త్రీలు కారని చెప్పగలవా డెవడు?

ప్రతిపై మూలచిత్రకారుని పేరు వ్రాయుట మాత్రము విద్యార్థికి విధి. దానిని తనదని అమ్మువాడు చోరుడే. ప్రతి వేయుటయందే జీవితము గడపుమనియు నేననుట లేదు. చేయి కుదిరిన పిదప మన పేటలో పత్తి బోరెము నెత్తు కూలీని చూడవలెను. బరువు మోసిన కాలు, ఎగసిన కటి, వాలిన భుజము అచ్చటను కానవచ్చును, కాని చూడనేర్చిన కంటికే కానవచ్చును.

కావున ప్రభుత్వమువారికి నా విన్నప మిది: రాజమహేంద్రవరమునందలి దామెర్ల చిత్రశాలలోని దేహచిత్రణములకు నిజపరిమాణమున మంచి ప్రతులు ముద్రించి, పల్నాటి గ్రంథాలయములకును ఉన్నత పాఠశాలలకును పంపవలెను. సెల్‌ఫోనులోని అంగుళపు బొమ్మను చూచి దేహచిత్రణము నేర్చుట సాధ్యము కాదు.