ఒక్క సెమిస్టరు లెక్క తేల్చండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షులవారికి,

విశాఖ వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గర స్టీలు సామాన్ల కొట్టు నడుపుకునేవాణ్ణి. మా అమ్మాయి ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా ఫ్రాన్స్‌లో ఒక సెమిస్టరు చదివొచ్చింది. మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి తన చేత్తోనే పసుపు కుంకుమ వేసి, ఆ పసుపు అంటిన పాస్‌పోర్టుతోనే విమానం ఎక్కింది. అక్కడ ఫీజు లేదు. టికెట్టుకూ, వీసాకు బ్యాంకులో చూపాల్సిన డబ్బుకూ వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టాం. దానికి బాధ లేదు.

బాధల్లా తిరిగొచ్చాకే. ఐదు సబ్జెక్టులు పాసైతే ఇక్కడి కాలేజీ రెండే లెక్కలోకి తీసుకుంది. మిగతా మూడూ జూనియర్ల పక్కన కూర్చుని మళ్లీ చదువుతోంది. "సిలబస్ కలవలేదమ్మా" అన్నారట. ఆ మాట వెళ్లేముందే చెబితే అక్కడ వేరే సబ్జెక్టులు తీసుకునేది కదా!

ఐరోపాలో 1987 నుంచి ఎరాస్మస్ పథకం నడుస్తోంది. ఇప్పుడక్కడ పిల్లలు బయల్దేరకముందే ఏ సబ్జెక్టులు చెల్లుతాయో ఒప్పందపత్రంలో రాసి, విద్యార్థీ, రెండు విద్యాసంస్థలూ సంతకాలు పెడతారు. అక్కడ సెమిస్టరుకు 30 క్రెడిట్లు, మన దగ్గర సుమారు 20. ఈ మారకం ఒక్కో కాలేజీ ఒక్కోలా కడితే పిల్లలేమైపోవాలి? హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి 1998 నుంచి విదేశీ విద్యార్థులు సెమిస్టరు చదువుకు వస్తున్నారు. వాళ్లు ఇక్కడ సంపాదించిన క్రెడిట్లు వాళ్ల దేశంలో చెల్లుతున్నాయి.

రాష్ట్రమంతటికీ ఒకే ఒప్పందపత్రం, ఒకే మారకం పట్టిక ఇప్పించండి. జనవరిలో మా వీధి నుంచి ఇంకో అమ్మాయి వెళ్తోంది. ఆలోగా ఇప్పించండి.

ఇట్లు,
ఒక తండ్రి,
వన్ టౌన్, విశాఖపట్నం